గాలి పంచాంగం

కర్ణాటకలోని పావగడ తాలూకాలో చిన్న కారున్న మనిషి తన టైర్లలో గాలి ఎంతుండాలని నలుగురిని అడిగితే నాలుగు అంకెలు వస్తాయి. నలుగురూ ధీమాగానే చెబుతారు. ఏది నిజమో తేల్చుకుందామని ఐదో మనిషి దగ్గరికి పోతే, ఆయన ఇంకో అంకె చెప్పి, ముందు చెప్పిన నలుగురికీ బండ్ల సంగతే తెలీదని తీర్పిస్తాడు. పండగ తిథి మీద పంచాంగకర్తలకు పేచీ వస్తే ఏదో ఒక పీఠం కల్పించుకుని సర్దిచెబుతుంది. గాలి పేచీకి పీఠం లేదు. ఎవరి పంచాంగం వారిదే.

విచిత్రం ఏమిటంటే, ఆ అంకె కారు కొన్న రోజు నుంచీ కారులోనే ఉంది. డ్రైవరు వైపు తలుపు తెరిచి, తలుపు వచ్చి ఆనుకునే నిలువు పట్టీ మీద చూస్తే అరచేయంత చీటీ ఒకటి అంటించి ఉంటుంది. ఏ సైజు టైరు, ముందు జతకు ఎంత, వెనక జతకు ఎంత, చాలా బళ్ళలో ఇద్దరు ముగ్గురే కూర్చుంటే ఎంత, నిండా ఎక్కితే ఎంత అన్నది కూడా ఉంటుంది. అక్కడ కనపడకపోతే బండితో ఇచ్చిన పుస్తకంలో చూడొచ్చు. ఆ పుస్తకం ఎక్కడుంటుందో కూడా చెబుతాను: డాష్‌బోర్డు అరలో, షోరూములో తొడిగిన ప్లాస్టిక్ కవరుతో సహా, ఆర్సీ జిరాక్సు కింద. రోజుకు నాలుగుసార్లు ఆ తలుపు తీస్తాం, ఆ చీటీ పక్కనుంచే ఎక్కుతాం, దిగుతాం. దాన్ని చదివిన మనిషిని చూపించమంటే మాత్రం నాగలమడిక నుంచి వై.ఎన్. హొసకోట దాకా గాలించాలి.

దీన్ని సోమరితనం అనడానికి నాకు నోరు రాదు. సోమరి అయితే బంకు దగ్గర కారు ఆపి, దిగి, అరగంట నిలబడి గాలి మీద చర్చ చేస్తాడా? ఓపిక ఉంది. ఆసక్తి ఉంది. నోటిమాట మీద ఉన్న నమ్మకం అచ్చు మీద లేదు, అంతే.

బంకులో గొట్టం పట్టుకున్న కుర్రాడు అడుగుతాడు: "ఎంత పెట్టల్లన్నా?"

కారాయన అంటాడు: "నువ్వే చూసి పెట్టప్పా."

బండి ఈయనది. వెనక సీట్లో ఉన్న భార్య, అత్తగారు, ఇద్దరు పిల్లలు ఈయనవాళ్ళు. నిర్ణయం మాత్రం ఎండలో నిలబడి నెలజీతానికి పనిచేసే, ఆ కారు తలుపు ఏనాడూ తెరవని కుర్రాడిది. అతను ఆల్టోకు ముప్పయ్యైదు, బొలెరోకు ముప్పయ్యైదు, ఇన్నోవాకు ముప్పయ్యైదు పెట్టి పంపిస్తాడు. రాజ్యాంగంలో రాసుకున్న సమానత్వం అమలవుతున్న చోటు మన దేశంలో అదొక్కటే. గుడ్డి గురి కూడా ఒక్కోసారి తగుల్తుంది కనుక కొన్ని బళ్ళకు ఆ ముప్పయ్యైదు సరిగ్గా కుదురుతుంది కూడా. మన తాలూకాలో తిరిగే చిన్న కార్లలో చాలావాటికి కంపెనీ చెప్పేది 30, 36 పీఎస్ఐల (మన భాషలో పాయింట్ల) మధ్య ఎక్కడో ఒకచోట ఉంటుంది. ఆ ఆరు అంకెల సందులో మీది ఏదన్నది చీటీకే తెలుసు. కుర్రాణ్ని నేను తప్పుపట్టను. ఈ మొత్తం వ్యవహారంలో "ఎంత?" అని అడిగినవాడు అతనొక్కడే.

ఇంట్లో లారీ నడిపి రిటైరైన పెదమామ ఉంటే ఆయన దగ్గర గేజీ ఉండదు, కాలు ఉంటుంది. టైరును ఒక్క తన్ను తన్ని ఫలితం చెబుతాడు. నూరు పీఎస్ఐ దాటి పట్టించిన చేతులవి. ముప్పై అనే మాటే ఆయనకు అవమానం. "గాలి గట్టిగుంటే బండి తేలిపోతాదిరా" అంటాడు. తేలుతుంది నిజమే, వానలో బ్రేకు కొట్టినప్పుడు జారుతుంది కూడా. గాలి ఎక్కువైన టైరు నడిమి భాగం మీదే నిలబడుతుంది, నడిమే అరుగుతుంది, నేలను పట్టుకునే మేర తగ్గుతుంది. తక్కువైతే రెండు అంచులూ అరుగుతాయి. కంటితో చూసి చెప్పేవాళ్ళు ఇంకో శాఖ. ఇప్పటి రేడియల్ టైరు సరైన గాలితో ఉన్నా కింది పక్కలు కాస్త ఉబ్బే కనిపిస్తాయి, నాలుగైదు పాయింట్లు తగ్గినా అలాగే కనిపిస్తాయి. కంటికే దొరకనిది కాలికి దొరుకుతుందని పెదమామ నమ్మకం.

బెంగళూరు నుంచి సెలవుకు వచ్చిన అల్లుడు చదువుకున్నవాడు. చదువుతాడు కూడా, చీటీ తప్ప మిగతావన్నీ. టైరు పక్కగోడ మీద చిన్న అక్షరాల్లో 300 కేపీఏ, 44 పీఎస్ఐ అని కనిపించగానే "ఇక్కడే రాసుంది కదా మామా" అని 44 పట్టిస్తాడు. అది ఆ టైరు భరించే గరిష్ఠం. టైరు పోసినవాడికి అది ఏ కారు కిందికి పోతుందో తెలీదు. ఆ అంకె టైరుది, మీ కారుది కాదు. ఈ మాట చెప్పినా అల్లుడికి నచ్చదు, ఇంగ్లీషులో ఉన్నదాన్ని మామగారు ఖండిస్తే ఎలా?

వీళ్ళవల్ల ఎక్కువగా పోయేది రబ్బరు. ప్రాణం తీసే పంచాంగం మాత్రం వేసవి సిద్ధాంతిది.

మార్చి రాగానే ఈయన ప్రతి ఊళ్ళో బయల్దేరతాడు. "ఎండకు గాలి ఉబ్బుతాది. నాలుగు పాయింట్లు తగ్గించు, లేకుంటే డామ్మని పేలిపోతాది." వినడానికి ఎంత శాస్త్రంలా ఉందో చూడండి. సగం శాస్త్రమే మరి, అందుకే ఇంతమంది నమ్ముతారు. వేడికి ఒత్తిడి పెరిగే మాట నిజం. చిన్న కారు టైరులో గాలి పది డిగ్రీలు వేడెక్కితే గేజీ మీద సుమారు ఒకటిన్నర పీఎస్ఐ పెరుగుతుంది. పొద్దున పాతిక డిగ్రీల చల్లదనంలో 33 పెట్టుకుని బయల్దేరారనుకోండి. మధ్యాహ్నానికి కాగిన తారు మీద పరుగెత్తి లోపలి గాలి 55 డిగ్రీలకు చేరితే గేజీ 38 దగ్గర చూపిస్తుంది. సిద్ధాంతికి ముచ్చెమటలు పోస్తాయి. వాల్వు నొక్కి, బుస్సుమనిపించి, 33కు దించి, గండం గడిచిందని ఊపిరి తీసుకుంటాడు. ఆ రాత్రి బండి చల్లబడుతుంది. మర్నాడు పొద్దున ఎవరైనా గేజీ పెడితే 29 కూడా చూపించదు. ఎవరూ పెట్టరు. మళ్ళీ మధ్యాహ్నం ఎవరైనా గేజీ పెడితే 33 దగ్గరే కనిపిస్తుంది, అంతా సరిగ్గానే ఉందనుకుంటారు.

ఆ 38 తప్పే కాదు. చీటీ మీద అంకె చల్లటి టైరుకు చెప్పింది. చల్లటి అంటే కనీసం మూడు గంటలు ఆగి ఉన్నది, లేదా కిలోమీటరున్నరకు మించి నడవనిది. నడిచాక పెరిగే నాలుగైదు పాయింట్లు ఆ లెక్కలో ముందే కలిసి ఉన్నాయి. టైరు చేసినవాడికి ఎండాకాలం సంగతి మనం కొత్తగా చెప్పనక్కర్లేదు. మంచి టైరు ఈ పెరుగుదలకు పేలదు. గాలి తక్కువైనప్పుడు దాని పక్కగోడలు ప్రతి చుట్టుకూ మడతపడి లేస్తాయి, ఆ మడతలో వేడి పుడుతుంది, వేడికి రబ్బరూ లోపలి పొరలూ ఒకదాన్నొకటి వదిలేస్తాయి. దానికి ఎండ, వేగం, పెళ్ళిబృందం బరువు తోడైతే అప్పుడు పేలుతుంది. పేలకుండా ఉండాలని గాలి తీసినవాడు పేలడానికి కావలసిన సరంజామా అంతా తన చేత్తోనే సర్దిపెడతాడు. పేలిన తర్వాత సిద్ధాంతి ఆ చోటికి వచ్చి చూసి, తల పంకించి, "చెప్తినా లేదా? ఇంగో రెండు తీసుండల్ల" అంటాడు.

రెండు పాయింట్లకు, నాలుగు పాయింట్లకు ఏమవుతుందిలే అనేవాళ్ళకు అమెరికాలో ఒక కథ ఉంది. ఫోర్డ్ కంపెనీ తన ఎక్స్‌ప్లోరర్ బండి చీటీ మీద 26 అని రాసింది. ఆ బండికి టైర్లిచ్చిన ఫైర్‌స్టోన్ 30 ఉండాలంది. టైర్ల పైపొర ఊడిపోయి బళ్ళు బోల్తా కొట్టడం మొదలయ్యాక, 2000 ఆగస్టులో 65 లక్షల టైర్లు వెనక్కి పిలిచారు. అక్కడి ప్రభుత్వ లెక్కలో మరణాలు 271. టైరులో లోపం ఉందని దర్యాప్తు తేల్చింది. టైరువాడు మీ బండే బోల్తా రకమన్నాడు, బండివాడు మీ టైరే చెత్త అన్నాడు, దాదాపు నూరేళ్ళ వియ్యం 2001లో తెగిపోయింది. లోపమున్న టైరుకు 26 అనే అంకె ఏ వెసులుబాటూ మిగల్చలేదన్నది ఆ గొడవలో ఒక పెద్ద వాదన. ఆ టైర్లు వెనక్కి పిలిచిన తర్వాతే అమెరికా చట్టం చేసి, 2007 సెప్టెంబరు కల్లా ప్రతి కొత్త కారూ గాలి తగ్గితే డ్రైవరుకు దీపం వెలిగించి చెప్పాలంది. ఐరోపా కూడా 2014 నుంచి కొత్త కార్లన్నిటికీ అదే నియమం పెట్టింది.

అంటే చీటీ కూడా వేదం కాదన్నమాట. మెత్తటి ప్రయాణం, మైలేజీ, నేల పట్టు మధ్య కంపెనీ కుదుర్చుకున్న రాజీ అది. కానీ ఆ రాజీకి ముందు బండిని తూచారు, నడిపారు, తిప్పారు, బ్రేకు కొట్టి చూశారు. పెదమామ తన్ని చూశాడు. ఇద్దరిలో ఎవరి మాట వినాలో తాలూకా ఎప్పుడో తేల్చేసింది.

ఇక పచ్చ మూతల మతం. నైట్రోజన్ పట్టిస్తే టైరు వేడెక్కదు, పేలదు, మైలేజీ పెరుగుతుంది, ఆయుష్షు పెరుగుతుంది. ఎవరి ఆయుష్షో స్పష్టంగా చెప్పరు. మనం ఊరికే పీల్చి వదిలే గాలిలో 78 శాతం నైట్రోజనే. మిగతా భాగాన్ని కూడా చాలావరకు మార్చి, టైరుకు ఇంతని తీసుకుని, వాల్వుకు పచ్చ మూత తగిలిస్తారు. వేడికి పెరగడంలో దానికీ మామూలు గాలికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఒప్పుకోవలసిన లాభాలు రెండున్నాయి: తేమ ఉండదు, కాస్త నిదానంగా కారుతుంది. విమానాల్లో వాడతారు కదా అంటారు. వాడతారు. రన్‌వే మీద దిగేటప్పుడు కాగిపోయిన చక్రంలో మంట పుట్టకూడదని వాడతారు. పావగడ నుంచి మడకశిరకు పోయే వేగన్‌ఆర్ ఆకాశం నుంచి దిగదు. పచ్చ మూతకు పెట్టిన డబ్బు పోతే పోయింది. దానివల్ల వచ్చే అసలు నష్టం వేరు: అది తగిలించుకున్నవాడు ఏడాది పాటు టైరు వంక చూడడు. దిష్టి తీయించుకున్న ధీమాతో తిరుగుతాడు. ఈ మతానికి ఢిల్లీలో కూడా భక్తులున్నారు. టైర్లలో నైట్రోజన్ తప్పనిసరి చేసే ఆలోచన ఉందని 2019 జులైలో కేంద్ర రవాణా మంత్రి రాజ్యసభలోనే చెప్పారు. పావగడ బంకులో గేజీ ముల్లు సున్నాకు వచ్చిందా లేదా అని మాత్రం ఏ సభలో ఎవరు అడుగుతారు?

ఆ గేజీ గురించి కాస్త చెప్పుకోవాలి. అద్దం పసుపుబారి ఉంటుంది. గొట్టం గాలిలో వేలాడుతున్నప్పుడు కూడా ముల్లు ఐదు దగ్గర నిలబడి ఉంటుంది. వంద మంది చేతుల్లో నేలకు పడి లేచిన సామాను అది. వేరుశనక్కాయలు అమ్ముకునే రైతు మండీలో కాటా మీద ముద్ర ఉందా లేదా అని చూస్తాడు; మూటకు రెండు కిలోలు తేడా వస్తే మండీ ఎగిరిపోయేలా అరుస్తాడు. ఆ మనిషే సాయంత్రం కారు తెచ్చి, ఐదు పాయింట్లు అబద్ధమాడే గేజీ ముందు నోరు మూసుకుని నిలబడతాడు. ఎంతుందని కూడా అడగడు. ఐదో పదో చేతిలో పెట్టి, థాంక్స్ చెప్పి పోతాడు. చమురు కంపెనీల నియమావళి ప్రకారం బంకులో గాలి ఉచితం, ఉండి తీరాలి. ఆ నియమం కంప్రెసర్ మీద వేలాడే "రిపేరు" అట్టముక్క వెనక భద్రంగా ఉంటుంది.

ఇదే తాలూకాలో తిరుమణి చుట్టూ ఐదు ఊళ్ళలో 13 వేల ఎకరాల్లో సోలారు పలకలు పరిచారు. 2018 మార్చిలో మొదలుపెట్టి 2,050 మెగావాట్ల దాకా తీసుకెళ్ళారు. ఎకరాకు ఏటా 21 వేల కౌలు అని మొదలుపెట్టి, రెండేళ్ళకోసారి ఐదు శాతం పెంచేలా రైతులతో రాసుకున్నారు. అక్కడ పడే ప్రతి ఎండ చుక్కకూ లెక్క ఉంది, మీటరుంది, అమ్మకం ధర ఉంది. ఆ కంచె బయట, అదే ఎండలో, కౌలు డబ్బుతో కొన్న సెకండ్‌హ్యాండ్ ఆల్టో నిలబడి ఉంటుంది. దాని నాలుగు టైర్లలో ఎంతుందో తెలుసుకోవడానికి ఆ ఊళ్ళో ఉన్న పరికరం పెదమామ కాలు.

పల్లెవాడికి ఇంకో చిక్కు కూడా ఉంది, అది నిజమైన చిక్కు, దానికి నేను నవ్వను. చల్లటి టైరు ఇంటి దగ్గర ఉంటుంది, గాలి పావగడలో ఉంటుంది. పాతిక కిలోమీటర్లు వచ్చేసరికి టైరు కాగి ఉంటుంది, కొలత చెడుతుంది. దీనికి మార్గం ఉంది. వేడి టైరులో గాలి ఎప్పుడూ తీయించొద్దు. తక్కువనిపిస్తే చీటీ అంకె మీద ఓ నాలుగు పాయింట్లు ఎక్కువే పెట్టించుకుని ఇంటికి రావాలి. మర్నాడు పొద్దున, ఎండ టైరు మీద పడకముందు, సొంత గేజీతో చూసి ఎక్కువైనంత వదిలెయ్యాలి. సొంత గేజీ కొన్ని వందల రూపాయలు. సిగరెట్టు లైటరు సాకెట్‌కు తగిలించే చిన్న పంపు కొనుక్కుంటే బంకు చర్చే అక్కర్లేదు. మంచి టైరు కూడా నెలకు ఒకటీ రెండూ పాయింట్లు దానంతటదే కారుస్తుంది. నాలుగింట్లో ఒకటి మాత్రం ఎక్కువ కారుస్తుంటే అందులో కంపముల్లు దిగి ఉన్నట్టో, వాల్వు పోయినట్టో లెక్క. ఈ సంగతి గేజీ ఉన్నవాడికి రెండో నెలలోనే తెలుస్తుంది. లేనివాడికి రాత్రి పదిన్నరకు, ఊరు కనపడని చోట తెలుస్తుంది.

కానీ గేజీకి వందలు పెట్టమంటే మనవాళ్ళకు ప్రాణం పోతుంది. సీట్ కవర్లకు ఆరు వేలు, వెనకద్దం మీద కులం పేరు రాయించడానికి పదిహేను వందలు, లోపల నీలిదీపాలకు రెండు వేలు ఇచ్చినప్పుడు పోని ప్రాణం. పొదుపంటే మనకు పెట్రోలే. మూడు దిక్కులా ఆంధ్రా చుట్టుకున్న తాలూకా మాది. ఆంధ్రాలో లీటరు ధర ఎక్కువ కనుక అటువైపు మడకశిర లాంటి ఊళ్ళ బళ్ళు సరిహద్దు దాటి వచ్చి ఇక్కడ టాంకు నింపుకుపోతాయి. మెత్తటి టైర్ల మీద వచ్చి, మెత్తటి టైర్ల మీద తిరిగి పోతాయి. ఒక్కో పీఎస్ఐ తగ్గితే మైలేజీ 0.2 శాతం పడిపోతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క. ఎనిమిది తగ్గిన బండికి లీటరు మీద రూపాయిన్నర పైచిలుకు పోయినట్టు. పెద్ద మొత్తమేం కాదు, దీన్ని పెంచి చూపించి మిమ్మల్ని భయపెట్టను. కానీ అంచులు అరిగి రెండేళ్ళు ముందుగా మార్చిన నాలుగు టైర్ల ఖరీదు పెట్రోలు తేడాలో రాబట్టుకోవాలంటే మడకశిరాయన ఎన్ని టాంకులు నింపాలో ఆయన్నే వేసుకోమనండి లెక్క.

కంపెనీల పాపం కూడా తక్కువేం కాదు. అరచేయంత చీటీ, అందులో ఆవగింజ అక్షరాలు, అంటించిన చోటేమో మోకాలి దగ్గర. నేను చూసిన చీటీలన్నీ ఇంగ్లీషే. అంగడి బోర్డు మీద 60 శాతం కన్నడం ఉండాలని కర్ణాటక 2024లో చట్టం సవరించింది. ఈ చీటీలో కన్నడం సున్నా, తెలుగు సున్నా. దాన్ని చించడానికి ఏ భాషా సంఘమూ రాలేదు, చించాలన్నా ముందు అదెక్కడుందో తెలియాలి కదా. మాకు గంట దూరంలో పెనుగొండ పక్కన ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. తెలుగు నేల మీద పుట్టిన కారుకు తెలుగులో ఒక్క చీటీ అంటిస్తే కొరియా మునిగిపోతుందా? అంకెలకు భాషేముంది, 33 ఎక్కడైనా 33 కదా అంటారేమో. చీటీ ఆ సుఖం కూడా మిగల్చదు. ఒకచోట 33 పీఎస్ఐ, దాని పక్కన 2.3 బార్, ఆ పక్కన 230 కేపీఏ. మూడూ ఒకటే ఒత్తిడి. 230 చూసి హడలిపోయి, చీటీయే తప్పు అచ్చయిందని నిర్ధారించుకుని తిరిగి బంకు కుర్రాడి శరణు పొందినవాళ్ళున్నారు. లైసెన్సు ఇచ్చేటప్పుడు మా చేత బండితో ఎనిమిది అంకె వేయించారు. తలుపు తీసి ముప్పైమూడు అంకె చదవమన్న అధికారి ఎవరికైనా జ్ఞాపకమున్నాడా?

ప్రభుత్వం ఏమీ చెయ్యలేదనడం అన్యాయం. 2020 జులైలో మోటారు వాహనాల నియమాలు సవరించింది. గాలి తగ్గితే హెచ్చరించే పరికరం, ట్యూబ్‌లెస్ టైర్లు, పంచరు వేసుకునే సామాను ఉంటే చిన్న బండికి స్టెప్నీ అక్కర్లేదంది. హెచ్చరించే పరికరాన్ని అమెరికాలా ప్రతి కారుకూ తప్పనిసరి చేసిందా అంటే, లేదు. పెట్టినవాడికి స్టెప్నీ మాఫీ చేసింది. కంపెనీకి ఒక టైరు ఖర్చు తప్పింది, డిక్కీలో చోటు కలిసొచ్చింది, ఇక కంపముళ్ళ దారిలో పక్కగోడ చీలితే ఆ డిక్కీలో పడుకోవచ్చు. ఉన్నవాళ్ళ స్టెప్నీ మాత్రం ఏం వెలిగిపోతోంది? కొన్ని కార్లకు ఇచ్చే సన్నటి తాత్కాలిక చక్రంలో 60 పీఎస్ఐ ఉండాలని దాని మీదే రాసి ఉంటుంది. కొన్నప్పుడు పట్టిన గాలి అది. దాని మీద ఉల్లిగడ్డ మూటలు పడ్డాయి, పెళ్ళి షామియానా పడింది, గేజీ మాత్రం పడలేదు.

కాబట్టి చీటీ చదివించే పని కంపెనీకీ ఆర్టీఓకూ వదిలేస్తే లాభం లేదని తేలింది. మనవాళ్ళు ఎవరి మాట వింటారో ఆ చోటికే పోవాలి. పావగడ శనైశ్చరస్వామి గుడికి రెండు రాష్ట్రాల నుంచీ జనం వస్తారు. కొత్త కారు కొన్నవాడు పసుపు, కుంకుమ, దండ, నిమ్మకాయలు తెస్తాడు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టడానికి వంగుతాడు. మనిషి తన టైరుకు అంత దగ్గరగా, అంత భక్తిగా కూర్చునే సందర్భం బండి జీవితంలో అదొక్కటే. దాన్ని వృథా పోనివ్వడం నేరం.

నా మనవి ఇది. వాహనపూజలో ఇకమీదట ద్వారోద్ఘాటనం అనే అంగం చేర్చాలి. అయ్యవారు డ్రైవరు తలుపు తెరిపించి, చీటీ మీద అంకెను యజమాని గోత్రనామాలతో కలిపి పైకి చదువుతారు. యజమాని మూడుసార్లు తిరిగి చెబుతాడు. ముందు చక్రాలకు ఒకసారి, వెనక చక్రాలకు ఒకసారి, స్టెప్నీకి విడిగా సంకల్పం. నిమ్మకాయల బుట్ట పక్కనే గేజీల బుట్ట పెట్టించాలి. ఎర్రదారం కట్టి అమ్మితే బేరం కూడా ఆడరు. దోషపరిహారం కింద ప్రతి నెలా మొదటి శనివారం పొద్దున్నే, పరగడుపున, తూర్పు ముఖంగా నిలబడి గాలి చూసుకోవాలని చెప్పాలి. పొద్దున్నే అనడానికి కారణం చెప్పనక్కర్లేదు, చెబితే విలువ పోతుంది. గాలి తీయించే వేసవి సిద్ధాంతికి ఏలిననాటి శని పడుతుందని ఒక్క మాట జోడిస్తే మార్చి గండం కూడా తీరుతుంది.

దీనికి ఒక ఆక్షేపణ వస్తుందని తెలుసు. గుడికి బండి నడుపుకుంటూ వస్తే టైరు వేడెక్కుతుంది కదా, చల్లటి కొలత ఎలా కుదురుతుంది అని చదువుకున్న అల్లుడు అడుగుతాడు. మూడు గంటలు ఆపి ఉంచితే చాలు. శ్రావణ శనివారం దర్శనం క్యూలో ఎలాగూ అంతకంటే ముందు ఎవరూ బయటపడరు.